మనసును మార్చుకోవడం మన చేతుల్లో ఉందా?

జుమా నమాజు ముగిసింది. ఆ రోజు ఖుత్బా నిజాయితీ గురించి సాగింది. మస్జిదులో కూర్చున్నంతసేపూ మన హృదయం మెత్తబడింది. ఇకనుంచి మన జీవితం మారిపోవాలని గట్టిగా అనుకున్నాం. చెప్పులు తొడుక్కుని బజారులోకి వచ్చాం. దుకాణం షట్టర్ ఎత్తాం. పది నిమిషాలు గడిచాయో లేదో, బాకీ అడగడానికి ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. మనం లోపలి గదిలోంచే గుమాస్తాకు సైగ చేశాం. అతను బయటికి వెళ్లి, "భాయ్ ఊళ్లో లేడన్నా, రేపు రా" అని చెప్పి పంపించాడు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. సూర్యాపేటలో దుకాణం నడిపేవారిలో, కోదాడ మీదుగా లారీ తోలేవారిలో, మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాసేవారిలో, ఇంట్లో పొయ్యి ముందు నిలబడే తల్లుల్లో దీన్ని ఎరుగనివారు ఎవరూ ఉండరు. మస్జిదులో ఒక మనిషి, బజారులో మరో మనిషి, ఇంట్లో ఇంకో మనిషి. ఈ ముగ్గురినీ ఒక్క మనిషిగా మార్చడం ఎలా? అసలు మన మనసును మనమే, బుద్ధిపూర్వకంగా, ఒక స్థితినుంచి మరో స్థితికి మార్చుకోగలమా? లేక అది దానంతటదే మారేవరకు ఎదురుచూడవలసిందేనా?

దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో మనల్ని ఎదురుచూస్తూ కూర్చోమనలేదు. అర్‌రఅద్ సూరా 11వ ఆయతులో, ఒక జాతి తన అంతరంగంలో ఉన్నదాన్ని తానే మార్చుకోనంతవరకు అల్లాహ్ ఆ జాతి స్థితిని మార్చడని హెచ్చరించబడింది. అంటే మొదటి అడుగు దాసుడిదే. అయితే ఆ అడుగు ఎలా వేయాలి? అక్కడే మనం పొరబడుతున్నాం.

సహాబాలను కూడా వేధించిన ప్రశ్న

ముందుగా ఒక ఓదార్పు మాట. మస్జిదులో ఉన్న మనసు బజారులో ఉండడంలేదన్న బాధ మనతోనే మొదలవలేదు. మహనీయ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్ద లేఖకులుగా ఉన్న హజ్రత్ హన్‌జలా (రజి) ఒకరోజు దారిలో హజ్రత్ అబూబక్ర్ (రజి)కు ఎదురయ్యారు. ఎలా ఉన్నావని అడిగితే, హన్‌జలా కపటి అయిపోయాడని తన గురించి తానే చెప్పుకున్నారు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లెదుట కనిపిస్తున్నట్లే ఉంటుందనీ, ఇంటికి వెళ్లి ఆలుబిడ్డల్లో, ఆస్తిపాస్తుల వ్యవహారాల్లో పడగానే చాలావరకు మరచిపోతున్నామనీ వాపోయారు. తన పరిస్థితీ అంతేనన్నారు హజ్రత్ అబూబక్ర్ (రజి). ఇద్దరూ కలిసి ప్రవక్త (స) వద్దకు వెళ్లారు.

ఆయన వారిని మందలించలేదు. నా దగ్గర ఉన్న స్థితిలోనే మీరు ఎల్లప్పుడూ ఉండగలిగితే దైవదూతలు మీ పడకల వద్దా, మీ దారుల్లోనూ మీతో చేతులు కలిపేవారు అన్న భావం చెబుతూ, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా ఉంటుందని మూడుసార్లు అన్నారు (ముస్లిం).

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? మనసు ఒకే స్థితిలో నిలవదు. అది దాని స్వభావం. నిలవలేదని నిరాశపడడం విశ్వాసి పని కాదు. జారిన ప్రతిసారీ దాన్ని తిరిగి తీసుకురావడమే విశ్వాసి పని. హన్‌జలా (రజి) గొప్పతనం ఎప్పుడూ జారకపోవడంలో లేదు. జారినట్లు తానే గుర్తించి, సిగ్గుపడకుండా చెప్పుకోవడంలో ఉంది.

నోటితో అంటే సంకల్పం అవుతుందా?

కర్మలు సంకల్పాల (నియ్యత్) మీదనే ఆధారపడి ఉంటాయన్న హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ గ్రంథాన్ని దానితోనే ప్రారంభించారు. కాని దాన్ని మనం మరీ తేలిక చేసుకున్నాం. దుకాణం తెరిచేటప్పుడు 'నేను హలాల్ సంపాదన కోసం, అల్లాహ్ ప్రీతికోసం వ్యాపారం చేస్తున్నాను' అని ఒక్కసారి అనుకుంటే చాలు, సాయంత్రం వరకు మనం చేసేదంతా ఇబాదత్ అయిపోతుందని భావిస్తున్నాం.

1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో సంకల్పానికీ చిత్తశుద్ధికీ ఒక ప్రత్యేక భాగమే కేటాయించారు. ఆయన అక్కడ ఒక చిక్కు విప్పిచూపారు. సంకల్పం అంటే నాలుకతోగాని మనసులోగాని కొన్ని మాటలు అనుకోవడం కాదు. అది హృదయం ఒకవైపు మొగ్గడం. కడుపు నిండిన మనిషి తనకు ఆకలి వేయాలని సంకల్పించుకున్నంత మాత్రాన ఆకలి వేస్తుందా? ఒకరిమీద ఏ ప్రేమా లేనివాడు ప్రేమించాలని అనుకున్నంతనే ప్రేమ పుడుతుందా? అలాగే, లాభం తప్ప మరేదీ కనిపించని మనసు నోటితో అల్లాహ్ కొరకు అన్నంత మాత్రాన అటు మొగ్గదు.

ఇది వింటే భయమేస్తుంది. మరి దారి ఏది? దారినీ ఆయనే మరోచోట, మనోనిగ్రహం గురించిన భాగంలో చూపించారు. దస్తూరీ అందంగా లేనివాడు ఏం చేస్తాడు? మంచి లేఖకుడి అక్షరాలను చూసి, మొదట కష్టపడి, అనుకరిస్తూ రాస్తాడు. రాయగా రాయగా ఆ చేతివాటం అతనికి స్వభావం అవుతుంది. ఉదారత లేనివాడు కూడా అంతే. మనసుకు ఇష్టంలేకపోయినా ఉదార స్వభావుడు చేసే పని చేస్తూపోవాలి. ఒకనాటికి ఉదారత అతని స్వభావమవుతుంది.

ఇది ఇమామ్ గారి సొంత ఊహ మాత్రమే కాదు. ఎవరు సహనం వహించడానికి ప్రయత్నిస్తారో వారికి అల్లాహ్ సహనం ప్రసాదిస్తాడని ప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). సహనం ఉన్నవాడికి సహనం ఇస్తాడని కాదు, లేనివాడు తెచ్చిపెట్టుకోవడానికి ప్రయాసపడితే ఇస్తాడని. కాబట్టి మనసు మారాక పని మారుస్తామని కూర్చుంటే ఆ రోజు రాదు. మన చేతుల్లో ఉన్నది చేయి. ముందు చేతిని మార్చాలి. మనసు దాని వెనుక నడిచి వస్తుంది.

కుప్ప పైన ఎండు, అడుగున తడి

ఈ మాట నిజమో కాదో తేలేది కాంటా దగ్గర. మన ప్రాంతంలో వరి పండని ఊరు అరుదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలాక ఎడమ కాల్వ కింద వరి విస్తరించింది, మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణమైంది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. వానకాలం పంట, యాసంగి పంట వచ్చాయంటే ధాన్యం కుప్పలు, బస్తాలు, కాంటాలు, హమాలీల కేకలు. మన సోదరుల్లో ధాన్యం అమ్మేవారూ ఉన్నారు, కొనేవారూ ఉన్నారు, తూకం వేసేవారూ ఉన్నారు.

ఇప్పుడు మదీనా బజారుకు వెళదాం. ప్రవక్త (స) ఒక ఆహారధాన్యపు కుప్ప పక్కగా వెళుతూ దానిలోపల చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడి తడిసిందని అతను జవాబిచ్చాడు. మరి తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీసి, మోసగించేవాడు మావాడు కాడని తేల్చిచెప్పారు (ముస్లిం).

సోదరులారా! ఈ హదీసును మన మార్కెట్ యార్డులో నిలబడి చదవండి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం మించరాదన్నది నిబంధన. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఆరబెట్టడానికి టార్పాలిన్ లేదు, కూలీలు లేరు. ఆ రైతు కష్టం నిజమైనది. వాన పడడం మదీనా వ్యాపారి తప్పు కానట్లే, ఇతని తప్పూ కాదు. ప్రవక్త (స) వానను తప్పుపట్టలేదు, తడిని దాచడాన్ని తప్పుపట్టారు. మన చేతుల్లో లేనిదానికి మనం బాధ్యులం కాము. దాన్ని పైన ఉంచామా, అడుగున ఉంచామా అన్నది మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.

అలాగని పరీక్ష అమ్మేవాడికే పరిమితం కాదు. తరుగు పేరుతో, తాలు పేరుతో న్యాయంగా తీయవలసినదానికన్నా ఎక్కువ తీసే కొనుగోలుదారుడి సంగతేమిటి? అల్‌ముతఫ్ఫిఫీన్ సూరా ప్రారంభ ఆయతులు సరిగ్గా ఈ మనిషినే పట్టుకున్నాయి. జనం నుంచి తీసుకునేటప్పుడు పూర్తిగా కొలిచి తీసుకుంటాడు, వారికి ఇచ్చేటప్పుడు తగ్గిస్తాడు. ఒకే మనిషి, ఒకే కాంటా, రెండు మనసులు.

దీనికి విరుగుడుగా హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉదంతాన్ని ఇమామ్ నవవీ (రహ్మ) ముస్లిం గ్రంథ వ్యాఖ్యానంలో పేర్కొన్నారు. జరీర్ (రజి) మనిషి ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేశాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, దీని విలువ అంతకన్నా ఎక్కువ, 400కు ఇస్తావా అని యజమానిని అడిగారు. ఆ తరువాత వందేసి పెంచుతూ చివరికి 800 దిర్హములు చెల్లించారు. ఎందుకలా చేశారంటే, ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను దైవప్రవక్త (స) చేతిలో చేయివేసి ప్రమాణం చేసి ఉన్నానని చెప్పారు. కొనేవాడే ధర పెంచిన బేరం అది!

మనం అంత ఎత్తుకు ఒక్కరోజులో చేరలేం. కాని కాంటా ముందు ఒక్క క్షణం ఆగగలం. 'ఎదుట ఉన్న ఈ మనిషి స్థానంలో నేనుంటే?' అని అడుగుకోగలం. అలా అడిగాక ఒక కిలో వెనక్కి ఇచ్చామే అనుకోండి, మన సంకల్పం నిజమని ఆ కిలో సాక్ష్యం చెబుతుంది. ఏ నష్టమూ భరించని సంకల్పం ఇంకా నోటి మాటగానే ఉందన్నమాట.

హైవే మీద

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే బండ్లు సూర్యాపేట, కోదాడల మీదుగానే సాగుతాయి. ఆ రోడ్డు మీద లారీలు, బస్సులు, ఆటోలు నడిపి కుటుంబాలను పోషించుకునేవారు మనలో ఎందరో. డ్రైవరు కూడా తన పనిని రెండు విధాలుగా చూడగలడు. ట్రిప్పు పూర్తయితే కిరాయి వస్తుందన్నది ఒక చూపు. నా స్టీరింగ్ కింద అల్లాహ్ దాసుల ప్రాణాలు అమానతుగా ఉన్నాయన్నది మరో చూపు. బండి అదే, రోడ్డు అదే, కిరాయి కూడా అదే.

దారిలోంచి హాని కలిగించేదాన్ని తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని ప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ముల్లు తీసేయడమే ఈమాన్‌లో భాగమైతే, రాత్రిపూట వెనుక లైట్లు వెలగని లారీని రోడ్డు అంచున వదిలేసి నిద్రపోవడం ఏమవుతుంది? ఆ లైటు బాగుచేయించుకోవడం తస్బీహ్ చదవడం లాంటి పుణ్యకార్యమేనని మనకు ఎప్పుడైనా తోచిందా?

మరి కోపం సంగతి. ఎవడో అడ్డంగా దూసుకొస్తాడు, మన నోట బూతు మాట వస్తుంది. ఆ క్షణంలో కోపపడకూడదని బుద్ధికి తెలుసు, మనసు వినదు. ప్రవక్త (స) ఇక్కడ మనసుతో వాదించమనలేదు. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అన్నారు (అబూదావూద్). చూడండి, ఇదీ శరీరం ద్వారా మనసును మార్చడమే! స్టీరింగ్ ముందున్నవాడు పడుకోలేడు. కాని బండి పక్కకు తీసి, దిగి, ముఖం కడుక్కుని, 'అఊజు బిల్లాహ్' చదువుకోగలడు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే నష్టమేమీ లేదు.

ఇంటి గుమ్మం దాటేటప్పుడు

బజారులో మంచి పేరున్నవాళ్లం ఇంట్లో కటువుగా ఉండడం సామాన్యమైపోయింది. బేరగాళ్లకు చూపించిన చిరునవ్వు గుమ్మం దగ్గరే అయిపోతుంది. అమ్మీ పిలిస్తే విసుక్కుంటాం. పిల్లవాడు అబ్బా అంటూ వస్తే సెల్‌ఫోన్ చూస్తూ పంపించేస్తాం.

ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). అల్లాహ్ ప్రీతికోసం భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం లభిస్తుందని ఆయన హజ్రత్ సఅద్ (రజి)కు బోధించారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) అయితే, రాత్రి నమాజులో నిలబడడానికి ఏ పుణ్యం ఆశిస్తానో నా నిద్రకూ అదే ఆశిస్తానని అన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ మాటల్ని మనం ఎక్కువగా స్త్రీలకు బోధించడానికి వాడుకుంటున్నాం. 'వంట చేయడం కూడా ఇబాదతే, మనసు మార్చుకుని చెయ్యి' అని చెప్పి మనం మంచం ఎక్కుతాం. పొద్దున ఫజర్‌కు ముందు లేచి, రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు కడిగి పడుకునే తల్లికి ఈ పాఠం చెప్పడానికి ముందు, ఆ గిన్నెల్లో నాలుగు మనం కడగాలి. సంకల్పం మార్చుకోవాలని ఎదుటివారికి చెప్పడం తేలిక. ఖుర్ఆన్ మాత్రం ఎవరిలో ఉన్నదాన్ని వారినే మార్చుకోమన్నది.

ఏది మనసు మార్చుకోవడం కాదు?

ఈ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, మంచి సంకల్పం చెడు పనిని శుద్ధి చేస్తుందనుకోవడం. వడ్డీ సొమ్ముతో మస్జిదుకు ఫ్యాన్లు ఇస్తాననీ, తూకంలో మిగిలినదాన్ని సదకా చేస్తాననీ అనుకుంటే ఆ హరామ్ హలాల్ కాదు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడు.

రెండవది, అన్యాయానికి గురైనవాడికి 'మనసు మార్చుకో, సబర్ చెయ్యి' అని చెప్పి, అన్యాయం చేసినవాణ్ణి వదిలేయడం. బస్తాలు మోసిన హమాలీకి కూలి ఆపితే, మారవలసింది హమాలీ మనసు కాదు, కూలి ఆపినవాడి చేయి. ప్రళయదినాన అల్లాహ్ ముగ్గురికి ప్రతివాదిగా నిలుస్తాననీ, వారిలో ఒకడు కూలివాడిచేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడనీ హదీసులో ఉంది (బుఖారీ). అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలిచిన వ్యాజ్యంలో మన తరఫున ఎవరు మాట్లాడతారు?

నిజమైన సబర్ చేతులు ముడుచుకోవడం కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన భారీ వర్షాలకు కోదాడలో ఇళ్లలోకి నీరు చేరింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అలాంటి రాత్రి నీరు గడప దాటేటప్పుడు మనిషి ముందు రెండే దారులుంటాయి. 'అయ్యో, ముందే సామాను పైకెక్కించి ఉంటే' అని గుండెలు బాదుకోవచ్చు. లేదా 'ఇన్నాలిల్లాహ్' అని, ముందు పక్కింటి ముసలమ్మను మెట్లెక్కించవచ్చు. సహనం అంటే మొదటి దెబ్బ తగిలిన క్షణంలో చూపేదేనని ప్రవక్త (స) అన్నారు (బుఖారీ). మేలు కలిగించేదానికోసం పాటుపడు, అల్లాహ్ సాయం కోరు, నిస్సహాయుడివై కూర్చోకు అని కూడా బోధించారు (ముస్లిం). ఆ క్షణంలో మనసు తిరగాలంటే, మామూలు రోజుల్లో చిన్న చిన్న విషయాల్లో దానికి అలవాటు చేసి ఉండాలి.

రోజుకు ఐదు మలుపులు

ఆ అలవాటు కోసం కొత్త ఏర్పాటేదీ అవసరంలేదు. అల్లాహ్ మనకు రోజుకు ఐదుసార్లు ఆగే చోటు ఇచ్చాడు. వుజూ చేసేటప్పుడు చేతులు కడుగుతున్నాం. ఆ చేతులు జొహర్ నుంచి అసర్ వరకు ఏం చేశాయో ఒక్కసారి తలచుకుందాం. తప్పు కనిపిస్తే తౌబా చేద్దాం. ఎవరి హక్కయినా మన దగ్గర ఉండిపోతే తిరిగి ఇద్దాం.

అల్‌జుమా సూరా 9, 10 ఆయతులు ఈ మలుపును రెండు వైపులా చూపాయి. పిలుపు వినగానే వ్యాపారం వదిలి రమ్మన్నాయి. నమాజు ముగిశాక మళ్లీ భూమిలో విస్తరించి, అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమన్నాయి. అంటే బజారుకు తిరిగి వెళ్లమన్నాయి. కాని వెళుతూ అల్లాహ్‌ను అధికంగా స్మరించమన్నాయి. మనం మొదటి మలుపు మాత్రమే నేర్చుకున్నాం. బజారునుంచి మస్జిదుకు రావడం తెలుసు. మస్జిదును వెంటబెట్టుకుని బజారుకు వెళ్లడం ఇంకా నేర్చుకోవలసి ఉంది.

మరి ఆ బాకీ మనిషి రేపు మళ్లీ వస్తాడు. ఇచ్చేందుకు డబ్బు ఇంకా సమకూరకపోవచ్చు. అయినా లోపలి గదిలోంచి సైగ చేయకుండా, లేచి బయటికి వచ్చి, ఆయన కళ్లలోకి చూసి, "అన్నా, ఇప్పుడు ఇంతే ఉంది, మిగతాది ఫలానా రోజుకు ఇస్తాను" అని చెబుదాం. కాళ్లు బరువెక్కుతాయి, ముఖం చిన్నబోతుంది. పరవాలేదు. ఆ నాలుగు అడుగులు మన చేతుల్లో ఉన్నాయి. మనసు మన చేతుల్లో లేదు. అది ఎవరి అధీనంలో ఉందో, ఆయన్నే వేడుకుందాం.

హృదయాలను తిప్పేవాడా! మా హృదయాలను నీ ధర్మం మీద నిలకడగా ఉంచు. మా సంకల్పాలను పరిశుద్ధం చెయ్యి. మా కాంటాల్లో న్యాయాన్ని, మా దారుల్లో క్షేమాన్ని, మా ఇళ్లల్లో కరుణను ప్రసాదించు. ఆమీన్.